ఇన్యో కౌంటీ, కాలిఫోర్నియా: తరచుగా అడిగే ప్రశ్నలు

లాస్ ఏంజెలెస్ నుంచి మంచు చూడ్డానికి మామత్ వెళ్లే తెలుగువాళ్లు దారి పొడవునా దాటుకుంటూ పోయేది ఇన్యో కౌంటీనే. లాస్ వేగాస్ ట్రిప్‌లో ఒక రోజు డెత్ వ్యాలీకి పెట్టుకునేవాళ్లు తిరిగేది కూడా ఇక్కడే. అయినా ఆ పేరు చాలామందికి తెలియదు. పెట్రోలు కొట్టించుకుని, బర్గర్ తినేసి వెళ్లిపోతారు. అలా దాటిపోవాల్సిన చోటు కాదిది. తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ పెడుతున్నాను.

ఈ కౌంటీ ఎక్కడ ఉంది?

కాలిఫోర్నియా తూర్పు అంచున, నెవాడా రాష్ట్రాన్ని ఆనుకుని ఉంది. ఉత్తరాన మోనో కౌంటీ, దక్షిణాన శాన్ బెర్నార్డినో, నైరుతిలో కెర్న్. పడమట సియెర్రా నెవాడా పర్వతాలు, వాటికి అవతల ఫ్రెస్నో, టులేరీ కౌంటీలు. మ్యాపులో ఫ్రెస్నో పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఈ కౌంటీ హద్దుల్లో సియెర్రాను దాటే రోడ్డు ఒక్కటి కూడా లేదు. ఉత్తరం నుంచో దక్షిణం నుంచో చుట్టు తిరిగి వెళ్లాల్సిందే.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదేనా?

దాదాపు అంతే. కాకపోతే పైనుంచి వచ్చే కలెక్టర్ ఉండరు. జనం ఓటేసి ఎన్నుకున్న ఐదుగురు సూపర్‌వైజర్ల బోర్డు పాలిస్తుంది. షెరిఫ్ (పోలీసు అధిపతి), జిల్లా అటార్నీ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్) కూడా ఎన్నికల్లో గెలిచి రావాల్సినవాళ్లే. ఇన్యో 1866లో ఏర్పడింది.

విస్తీర్ణం ఎంత, జనం ఎంత?

విస్తీర్ణం సుమారు 26,500 చదరపు కిలోమీటర్లు. కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో తర్వాత ఇదే పెద్దది. 2020 జనాభా లెక్కల్లో ఇక్కడ తేలినవాళ్లు 19,016 మంది. పోల్చుకోవాలంటే, పాత ఉమ్మడి అనంతపురం జిల్లా సుమారు 19 వేల చదరపు కిలోమీటర్లు, 2011లో అక్కడి జనాభా దాదాపు 41 లక్షలు. అంతకంటే పెద్ద నేలలో, మనవైపు ఒక చిన్న పట్టణానికి సరిపోయేంత మంది ఉంటున్నారన్నమాట.

ముఖ్యమైన ఊళ్లు ఏవి?

395 నంబరు హైవే మీద దక్షిణం నుంచి వస్తే ఒలాంచా, లోన్ పైన్, ఇండిపెండెన్స్, బిగ్ పైన్, బిషప్ వరుసగా తగులుతాయి. సొంత మునిసిపాలిటీ ఉన్నది బిషప్‌కి ఒక్కదానికే. 2020లో దాని జనాభా 3,819. మిగతావన్నీ నేరుగా కౌంటీ పాలనలో ఉన్న ఊళ్లు. తూర్పున డెత్ వ్యాలీ వైపు ఫర్నెస్ క్రీక్, షోషోనీ, టెకోపా లాంటి చిన్న ఊళ్లున్నాయి. వాటి మధ్య దూరాలు మాత్రం చిన్నవి కావు.

జిల్లా కేంద్రం బిషప్ అనుకుంటారు అందరూ. కాదు, ఇండిపెండెన్స్. కొన్ని వందల మంది ఉండే ఊరది. 1862 జులై 4న సైన్యం అక్కడ క్యాంపు వేసింది. అమెరికా స్వాతంత్ర్య దినం కాబట్టి ఆ పేరు పెట్టారు. క్యాంపు పోయింది, కోర్టూ కౌంటీ ఆఫీసులూ అక్కడే ఉండిపోయాయి.

దేశంలో ఎత్తైన చోటు, లోతైన చోటు రెండూ ఇక్కడే అంటారు. నిజమేనా?

అలాస్కాను పక్కన పెడితే నిజమే. 14,505 అడుగుల (4,421 మీటర్ల) విట్నీ శిఖరం ఈ కౌంటీ పడమటి హద్దు మీద ఉంది. డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 282 అడుగులు (86 మీటర్లు) కిందకి ఉంది. ఈ కింది చోటు మాత్రం అలాస్కాను కలుపుకున్నా ఉత్తర అమెరికా మొత్తంలోనే లోతైనది. రెండింటి మధ్య దూరం పక్షి ఎగిరే దారిలో దాదాపు 85 మైళ్లు.

బ్యాడ్‌వాటర్‌లో ఉప్పు మీద నడిచి కార్ల దగ్గరికి తిరిగొచ్చేటప్పుడు ఒకసారి తలెత్తి ఎదురుగా ఉన్న కొండ చూడండి. చాలా పైన, రాతికి అతికించిన తెల్లటి బోర్డు ఒకటి కనిపిస్తుంది. దాని మీద 'సముద్రమట్టం' అని రాసి ఉంటుంది. పుస్తకంలో చదివితే ఎక్కని సంగతి, మెడ వెనక్కి వంచి ఆ బోర్డును వెతుక్కున్నప్పుడు ఎక్కుతుంది.

ఏటా జులైలో బ్యాడ్‌వాటర్ నుంచి, విట్నీ ఎక్కే దారి మొదలయ్యే విట్నీ పోర్టల్ దాకా 135 మైళ్ల పరుగుపందెం జరుగుతుంది. రాత్రి కూడా వేడి తగ్గని లోయలో మొదలై, చల్లటి పైన్ చెట్ల మధ్య 8 వేల అడుగుల పైన ముగుస్తుంది.

అంత మంచు కొండలు పక్కనే ఉండగా ఇక్కడ ఎడారి ఎందుకు?

ఆ కొండల వల్లే. పసిఫిక్ మీదుగా వచ్చే మేఘాలు సియెర్రా ఎక్కేలోపే పడమటి వైపు ఖాళీ అయిపోతాయి. తూర్పున మిగిలేది పొడిగాలి. బడిలో చదువుకున్న వర్షచ్ఛాయ ప్రాంతం అంటే ఇదే. బిషప్‌లో ఏడాదికి పడేది 5 అంగుళాలు, అంటే 125 మిల్లీమీటర్ల దగ్గర. డెత్ వ్యాలీకి చేరేలోపు మేఘం పనమింట్ కొండలను కూడా దాటాలి కాబట్టి అక్కడ 2 అంగుళాలు పడితే గొప్ప.

అయితే సియెర్రా మీద పేరుకున్న మంచు వేసవిలో కరిగి, వాగులుగా తూర్పుకి దిగుతుంది. ఆ వాగులన్నీ ఓవెన్స్ నదిలో కలుస్తాయి. ఓవెన్స్ లోయకి సముద్రానికి దారి లేదు. నది లోయ అడుగున ఉన్న ఓవెన్స్ చెరువులో చేరి, అక్కడే ఆవిరైపోయేది. వాన లేని చోట పుష్కలంగా నీళ్లు. ఈ కౌంటీ చరిత్ర మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

ఇంత ఖాళీ భూమి ఉంది కదా, ఓ పదెకరాలు కొనుక్కోవచ్చా?

ఇది మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. దాదాపు కుదరదు. కౌంటీలో ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉన్న భూమి 2 శాతం లోపే. 90 శాతానికి పైగా ఫెడరల్ ప్రభుత్వానిది: నేషనల్ పార్కు, నేషనల్ ఫారెస్టు, భూనిర్వహణ శాఖ. మిగిలిన దాంట్లో పెద్ద వాటా, రెండున్నర లక్షల ఎకరాల దాకా, లాస్ ఏంజెలెస్ నగరానిది. రెండు వందల మైళ్ల అవతల ఉన్న నగరానికి ఇక్కడ అంత భూమి ఎందుకు అంటే, నీళ్ల కోసం. బిషప్ చుట్టూ పచ్చిక మేస్తూ కనిపించే ఆవుల మందలు చాలావరకు నగరం నుంచి కౌలుకి తీసుకున్న నేలలో ఉన్నవే. ఊళ్లు పెరగడానికి చోటు లేదు. ఇళ్ల కొరత ఇక్కడ ఎప్పుడూ తీరని సమస్య.

ఆ నీళ్ల గొడవ ఏంటి? కాస్త వివరంగా చెప్పండి.

మొదటి నుంచి చెప్పాలి. ఈ లోయ పయూట్ అనే ఆదివాసీ తెగ ప్రజలది. వాళ్లు కొండవాగులకు అడ్డుకట్టలు వేసి, కాలువలు తవ్వి, తినే దుంపలు పెరిగే పచ్చిక మైదానాలకు నీళ్లు పారించేవాళ్లు. 1861 ప్రాంతంలో పశువుల మందలతో తెల్లవాళ్లు దిగారు. పశువులు ఆ దుంపల మైదానాలను మేసేశాయి. ఆకలి, ఆ వెంటే యుద్ధం. 1863లో దాదాపు వెయ్యి మంది పయూట్లను సైన్యం కాలినడకన ఫోర్ట్ తెహోన్ అనే సైనిక స్థావరానికి తోలుకెళ్లింది. దారిలో కొందరు చనిపోయారు, కొందరు తప్పించుకున్నారు, తర్వాత చాలామంది తిరిగొచ్చేశారు. తిరిగొచ్చేసరికి తమ కాలువల కింద వేరేవాళ్ల పొలాలు ఉన్నాయి. ఆ పొలాల్లోనే కూలికి వెళ్లారు.

తర్వాతి వంతు ఆ రైతులది. 1900లో లక్ష జనాభా ఉన్న లాస్ ఏంజెలెస్ వేగంగా పెరుగుతోంది, నీళ్లు చాలడం లేదు. నగర మాజీ మేయర్ ఫ్రెడ్ ఈటన్, నగర నీటి విభాగం అధిపతి విలియం మల్‌హాలండ్ కలిసి ఓవెన్స్ నది మీద కన్నేశారు. 1905 నాటికి ఈటన్ లోయలో భూములు, వాటితో వచ్చే నీటి హక్కులు కొంటూ పోయాడు. అప్పుడే ఫెడరల్ ప్రభుత్వం ఇక్కడి రైతుల కోసం ఒక సాగునీటి పథకం ఆలోచిస్తోంది. భూములు దానికోసమేనని చాలామంది రైతులు నమ్మారు. ఆ పథకం చూస్తున్న ప్రభుత్వ ఇంజనీరు జోసెఫ్ లిపిన్‌కాట్ అదే సమయంలో నగరం దగ్గర కూడా డబ్బు తీసుకుని పనిచేశాడు. పథకం అటకెక్కింది, నీళ్లు నగరానికి వెళ్లాయి. ఇందులో ఏది చట్టబద్ధం, ఏది కాదు అనే వాదన ఇప్పటికీ ఉంది. నా మటుకు నాకు అది మోసమే.

1908లో మొదలైన కాలువ 1913 నవంబర్ 5న తెరుచుకుంది. 233 మైళ్లు (375 కిలోమీటర్లు). దారిలో ఎక్కడా ఒక్క పంపు లేదు, నీళ్లు పల్లానికి వాటంతటవే పారతాయి. ఇంజనీరింగ్ పరంగా అద్భుతమని ఒప్పుకోవాల్సిందే. ప్రారంభోత్సవం రోజు మల్‌హాలండ్ జనంతో అన్న మాట చరిత్రలో నిలిచిపోయింది: "అదిగో, తీసుకోండి."

1920ల్లో కరువొచ్చింది. నగరం మరిన్ని పొలాలు, మరిన్ని కాలువలు కొంటూ పోయింది. 1924 మేలో ఎవరో కాలువను డైనమైట్‌తో పేల్చారు. అదే ఏడాది నవంబర్‌లో లోన్ పైన్ దగ్గర ఆ కాలువకున్న అలబామా గేట్లను ఊరివాళ్లు స్వాధీనం చేసుకుని, నీళ్లను మళ్లీ నదిలోకి వదిలేశారు. కుటుంబాలకు కుటుంబాలు తరలి వచ్చి అక్కడే వండుకుతిన్నాయి. నాలుగు రోజులు సాగింది. 1927లో ఈ పోరాటానికి ముందున్న వాటర్‌సన్ సోదరుల బ్యాంకు కూలిపోయింది. నిధులు దారి మళ్లించారని వాళ్లు జైలుకెళ్లారు. దాచుకున్న సొమ్ముతో పాటు లోయ జనం పట్టుదల కూడా పోయింది. కొన్నేళ్లలోనే సాగుభూమి దాదాపు అంతా, ఊళ్లలోని స్థలాలతో సహా, నగరం చేతికి వెళ్లింది.

అక్కడితో ఆగలేదు. 1970లో రెండో కాలువ వచ్చింది. దాన్ని నింపడానికి భూగర్భ జలాలు తోడటం పెరిగి, ఊటలు ఎండాయి, పచ్చిక మాడింది. 1972లో కౌంటీ కోర్టుకెళ్లింది. ఏళ్ల తరబడి నడిచి 1991లో ఒప్పందం కుదిరింది. నీళ్లు ఎంత తోడాలో ఇప్పుడు రెండు పక్షాలూ కూర్చుని తేల్చుకోవాలి.

పయూట్లు ఇప్పుడు లేరా?

ఉన్నారు. బిషప్, బిగ్ పైన్, ఫోర్ట్ ఇండిపెండెన్స్, లోన్ పైన్‌లలో పయూట్, షోషోనీ తెగల రిజర్వేషన్లు, అంటే ఆ తెగలకు కేటాయించిన భూములున్నాయి. డెత్ వ్యాలీలో టింబిషా షోషోనీలున్నారు. 1933లో తమ నేల చుట్టూ రక్షిత ప్రాంతం ప్రకటించినా వాళ్లు ఊరు వదల్లేదు. సొంత భూమి మీద చట్టబద్ధమైన హక్కు 2000లో గాని రాలేదు. ఓవెన్స్ లోయ తెగల భూములను 1939లో నగరంతో మార్పిడి చేశారు. నీటి హక్కు సంగతి మాత్రం అప్పుడు తేల్చలేదు.

ఓవెన్స్ చెరువులో ఇప్పుడు నీళ్లున్నాయా?

పాత చెరువు లేదు. వంద చదరపు మైళ్లకు పైగా ఉండేది, 1870ల్లో సెర్రో గోర్డో వెండి గనుల సరుకును దాని మీద ఆవిరి పడవల్లో తెచ్చేవాళ్లు. నది మళ్లిపోయాక 1926 నాటికి ఎండిపోయింది. అడుగున మిగిలిన ఉప్పు పొర మీద గాలి లేస్తే తెల్లటి దుమ్ము, అందులో ఆర్సెనిక్ కూడా. ఒకప్పుడు దేశంలో ఒకే చోట నుంచి ఇంత సన్నని దుమ్ము లేచేది ఇంకెక్కడా లేదు.

గాలి కాలుష్య నియంత్రణ సంస్థ పట్టుబట్టడంతో 2001 నుంచి నగరమే ఖర్చు పెట్టుకుని చెరువు అడుగును కొంత నీటితో తడుపుతోంది, కొంత గడ్డితో, కంకరతో కప్పుతోంది. 200 కోట్ల డాలర్లకు పైగానే అయింది. దుమ్ము చాలావరకు తగ్గింది. ఎవరూ అనుకోనిది ఏమిటంటే, ఆ పల్చటి నీళ్లకు వలసపక్షులు తిరిగొచ్చాయి. 2006 డిసెంబర్‌లో నది కింది భాగంలోకి కూడా మళ్లీ నీళ్లు వదిలారు. 62 మైళ్ల మేర ఎండిన నదిగర్భం అప్పట్నుంచి పచ్చబడింది.

మంజనార్ అంటే ఏమిటి? ఆగి చూడాలా?

తప్పకుండా ఆగండి. లోన్ పైన్, ఇండిపెండెన్స్‌ల మధ్య హైవే పక్కనే ఉంది. 1941 చివర్లో పర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేశాక, పశ్చిమ తీరంలోని జపాన్ మూలాలున్నవాళ్లను 1942లో ఇళ్ల నుంచి లేపి క్యాంపుల్లో పెట్టారు. అలాంటి పది క్యాంపుల్లో ఇదొకటి. ఒక దశలో 10 వేల మందికి పైగా ఉన్నారు, మొత్తం 11 వేల పైచిలుకు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. ఏ నేరమూ రుజువు కాలేదు, విచారణ కూడా జరగలేదు. 1945 నవంబర్‌లో క్యాంపు మూసేశారు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. ఈ నేలలో మొదట పయూట్ ఊళ్లుండేవి. తర్వాత 1910 ప్రాంతంలో ఆపిల్, పియర్ తోటలతో ఒక రైతుల ఊరు వెలిసింది. 1920ల్లో నగరం కొనేయడంతో ఆ ఊరూ ఖాళీ అయింది. మూడోసారి ముళ్లకంచె వేసి జపనీయులను తెచ్చారు. ఒకే చోట మూడుసార్లు జనాన్ని కదిలించిన నేల ఇది.

కారులోనే ఒక చుట్టు తిరిగి రావొచ్చు, కానీ దిగి నడవండి. అప్పటి ఇళ్లు లేవు, పునాదుల సిమెంటు మిగిలింది. ఖైదీలు తమ చేత్తో రాళ్లు పేర్చి కట్టుకున్న చిన్న చిన్న తోటలు, నీటి కుంటలు ఇసుక తవ్వి మళ్లీ బయటికి తీశారు. పాత పియర్ చెట్లు కొన్ని ఇప్పటికీ కాస్తున్నాయి. పడమటి చివర శ్మశానంలో జపనీస్ అక్షరాలతో తెల్లటి స్తంభం, దాని మొదట్లో జనం వదిలిన చిల్లర నాణేలు, కాగితం కొంగల దండలు ఉంటాయి. పిల్లలను తీసుకెళ్తే ఎక్కువ ప్రశ్నలు అడిగేది ఇక్కడే. ఓపిగ్గా చెప్పండి.

ఇక్కడ భూకంపాలు వస్తాయా?

వస్తాయి. 1872 మార్చి 26న తెల్లవారుజామున వచ్చింది కాలిఫోర్నియా చరిత్రలోని అతి పెద్ద భూకంపాల్లో ఒకటి. లోన్ పైన్‌లో 59 ఇళ్లుంటే 52 కూలాయి, 27 మంది చనిపోయారు. ఊరికి ఉత్తరంగా హైవే పక్కన వాళ్లలో కొందరిని కలిపి పూడ్చిన సమాధి ఉంది.

డెత్ వ్యాలీ మొత్తం ఈ కౌంటీలోనే ఉందా? ఎప్పుడు వెళ్లాలి?

పార్కులో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది, కొంచెం శాన్ బెర్నార్డినోలోకి, కొంచెం నెవాడాలోకి వెళ్తుంది. 1994లో నేషనల్ పార్కు అయింది. ఫర్నెస్ క్రీక్‌లో 1913 జులై 10న నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్ (56.7 సెల్సియస్) ఇప్పటికీ అధికారికంగా ప్రపంచ రికార్డు.

నవంబర్ నుంచి మార్చి దాకా హాయిగా ఉంటుంది. వేసవిలో "మేం రాయలసీమ ఎండలు చూసినవాళ్లం, మాకేం కాదు" అనుకుని వెళ్లొద్దు. అక్కడ రాత్రి కూడా చల్లబడదు. చెమట పట్టినట్టు తెలిసేలోపే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు తగ్గుతున్న సంగతి తెలియదు. తప్పనిసరై వెళ్తే కారుకి దగ్గర్లోనే ఉండండి, పొద్దున పది దాటాక నడకలు వద్దు. వాన పడితే ఇంకో టెన్షన్: ఎండిన వాగుల్లో వరదలు క్షణాల్లో వస్తాయి. 2023 ఆగస్టు 20న ఏడాదికి పడాల్సిన వాన ఒక్కరోజే పడి రోడ్లు కొట్టుకుపోయాయి, బ్యాడ్‌వాటర్‌లో నెలల తరబడి చెరువు నిలిచింది.

రాళ్లు వాటంతటవే కదులుతాయంటారు, నిజమా?

కదులుతాయి. రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండిన చెరువులో రాళ్ల వెనక పొడవాటి గీతలు కనిపిస్తాయి. ఎందుకో చాలాకాలం తెలియలేదు. 2013 చివర్లో పరిశోధకులు కళ్లారా చూసి, 2014లో ప్రకటించారు. పల్చటి నీటి మీద రాత్రి మంచు పలక కడుతుంది, పొద్దున అది పగిలి చిన్న గాలికే రాళ్లను నెట్టుకుపోతుంది. అక్కడికి దారి మాత్రం టైర్లు చీల్చే కంకర రోడ్డు. అద్దె కారుతో వెళ్లకండి.

ప్రపంచంలో అతి పాత చెట్లు కూడా ఇక్కడేనా?

బిగ్ పైన్ నుంచి తూర్పున వైట్ మౌంటెన్స్ ఎక్కితే బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లున్నాయి. ఎడ్మండ్ షుల్మన్ 1957లో వయసు కట్టిన మెథూసెలా అనే చెట్టుకి 4,800 ఏళ్లు దాటాయి. అది ఏ చెట్టో అటవీశాఖ బోర్డు పెట్టలేదు, ఎవరైనా పాడుచేస్తారన్న భయంతో. మంచు వల్ల శీతాకాలంలో రోడ్డు మూసేస్తారు.

విట్నీ ఎక్కాలంటే?

పర్మిట్ లాటరీలో రావాలి, దరఖాస్తులు ఫిబ్రవరిలో మొదలవుతాయి. పోయిరావడం 22 మైళ్లు, ఎక్కాల్సింది 6 వేల అడుగుల పైనే. తాళ్లు అక్కర్లేని దారే గాని, ఎత్తుకి తల తిరిగితే వెనక్కి దిగిపోవడం ఒక్కటే మందు. 1873లో దీన్ని మొదట ఎక్కినవాళ్లు ఈ లోయవాళ్లే, చేపలు పట్టడానికి కొండల్లోకి వెళ్లిన ముగ్గురు.

ఎలా వెళ్లాలి? ఏం జాగ్రత్తలు?

లాస్ ఏంజెలెస్ నుంచి లోన్ పైన్‌కి కారులో మూడున్నర గంటలు. లాస్ వేగాస్ నుంచి ఫర్నెస్ క్రీక్‌కి రెండు గంటల పైన. బిషప్‌కి 2021 డిసెంబర్ నుంచి విమానాలున్నాయి. 395 మీద పెట్రోలు సులువుగా దొరుకుతుంది, పార్కు లోపల చాలా ఖరీదు. ఊరు దాటితే ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాపులు ముందే దించుకోండి. మంచినీళ్లు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ లెక్కన పెట్టుకోండి. పులిహోరో పెరుగన్నమో వెంట ఉంటే పిల్లలకు ఇబ్బంది ఉండదు, ఒక్కోచోట గంట నడిపినా కొట్టు కనిపించదు.

ఒక్క రోజే ఉంది. ఏం చూడాలి?

ముందు రోజు రాత్రి లోన్ పైన్‌లో ఉండండి. తెల్లారేసరికి అలబామా హిల్స్‌కి చేరుకోండి, తొలి ఎండ విట్నీ మీద పడుతుంది. పాత హాలీవుడ్ సినిమాల్లో ఆ గుండ్రటి బండలే ఖైబర్ కనుమగా, బ్రిటిష్ కాలపు మన వాయవ్య సరిహద్దుగా కనిపించేవి. అక్కణ్నుంచి మంజనార్, రెండు గంటలైనా పెట్టుకోండి. మధ్యాహ్నం ఇండిపెండెన్స్‌లో కౌంటీ నడిపే ఈస్టర్న్ కాలిఫోర్నియా మ్యూజియంలో పయూట్ మహిళలు అల్లిన బుట్టలు చూడండి. అవి చూసి వెనక్కి వచ్చి, 136 నంబరు రోడ్డు మీద కీలర్ వైపు చెరువు అంచున ఆగండి. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి, పక్షులు ఒడ్డుకి కాస్త దూరంగానే ఉంటాయి. లోయలో పొద్దు త్వరగా సియెర్రా వెనక్కి పోతుంది, నాలుగింటికల్లా అక్కడుంటే మంచిది.